రత్నపురుష: గోదావరి డెల్టా పెరట్లో మన అడవి వయొలెట్ – తరచుగా అడిగే ప్రశ్నలు

మా పెరట్లో రత్నపురుష పూసినప్పుడు తీసిన ఫొటో ఎవరికి చూపించినా మొదట అడిగేది ఒకటే: "ఏ నర్సరీలో కొన్నారండీ?" కొనలేదు. కొబ్బరి తోట గట్టు మీద దానంతట అది మొలిచిన మొక్క నుంచి గింజలు తెచ్చి వేశాను. ఆ మాట చెప్పగానే ఇంకో పది సందేహాలు బయల్దేరతాయి. ఫోన్లలో, పెళ్లిళ్లలో, రేవు దగ్గర ఇవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

## మొక్కను తెలుసుకోవడం

వయొలెట్ అంటే చలి ప్రదేశాల మొక్క కదండీ, మన ఉక్కపోతలో బతుకుతుందా?

మీరు పుస్తకాల్లో చూసిన వయొలెట్, యునానీ వైద్యులు బనఫ్షా అనే సువాసన మొక్క, కశ్మీర్ లాంటి చల్లటి చోట్లది. దానికి చలి కావాలి. మన దగ్గర సంక్రాంతి చలి కూడా దానికి చాలదు, రోహిణి కార్తె ఎండకి అసలే నిలవదు. దాని కోసం డబ్బు పోసి బాధపడినవాళ్లను చూశాను. కానీ అదే వయొలెట్ కుటుంబంలో మైదానాల్లో, ఎండలో పెరిగే మొక్క ఒకటి మన కాళ్ల కిందే ఉంది. అదే రత్నపురుష. 1753లో లిన్నేయస్ దీనికి పేరు పెట్టినప్పుడు వయోలా ఎనియాస్పెర్మా అన్నాడు, అంటే దీన్ని వయొలెట్‌గానే లెక్క కట్టాడు. తర్వాత వచ్చిన శాస్త్రవేత్తలు హైబాంథస్ అనే వేరే ప్రజాతిలోకి మార్చారు గానీ కుటుంబం మాత్రం ఇప్పటికీ అదే, వయోలేసి.

దీన్ని మన వైపు ఏమంటారు? నర్సరీ అబ్బాయికి ఏ పేరు చెప్పినా అర్థం కావడం లేదు.

రత్నపురుష, పురుషరత్నం, నీలకొబ్బరి, ఈ మూడూ తెలుగు పేర్లే. చాలామంది పొలం వాళ్లకు పేరు తెలియదు, మొక్క చూపిస్తే మాత్రం "ఓ ఇదా!" అంటారు. శాస్త్రీయ నామం హైబాంథస్ ఎనియాస్పెర్మస్. కొత్తగా ఆఫ్రోహైబాంథస్ అని కూడా రాస్తున్నారు కాబట్టి వెతికేటప్పుడు రెండు పేర్లూ గుర్తుంచుకోండి. ఎనియాస్పెర్మస్ అంటే తొమ్మిది గింజలది అని అర్థం.

గట్ల మీద ఊదా పువ్వులు బోలెడుంటాయి. ఇదే రత్నపురుష అని ఎలా నమ్మాలి?

మొక్క జానెడు ఎత్తుంటుంది, బాగా పెరిగితే మూరెడు. కాండం మొదలు దగ్గర చెక్కలా గట్టిపడి ఉంటుంది, కొమ్మలు నాలుగు వైపులా వాలతాయి. ఆకులు సన్నగా పొడుగ్గా, తొడిమ లేనట్టే కొమ్మకు అంటుకుని, అంచున చిన్న రంపపు పళ్లతో ఉంటాయి. ఇంతవరకూ చూస్తే వంద కలుపు మొక్కల్లో ఒకటిలాగే అనిపిస్తుంది. పువ్వు చూశాక మాత్రం సందేహం ఉండదు. ఐదు రేకుల్లో నాలుగు కంటికి ఆననంత చిన్నవి. ఐదోది ఒక్కటే పెద్దగా, వెడల్పుగా, సన్నటి పిడి ఉన్న పార లాగా కిందికి వాలి ఉంటుంది. తమిళులు దీన్ని ఓరిదళ్ తామరై, అంటే ఒంటి రేకు తామర అని పిలవడం అందుకే. రంగు గులాబీకీ ఊదాకీ మధ్యలో ఉంటుంది. ఆ పెద్ద రేకు మొదట్లో వెనకవైపు చిన్న సంచి లాంటి ఉబ్బు కనిపిస్తుంది, వయొలెట్ కుటుంబపు గుర్తు అది.

దీన్ని విష్ణుక్రాంతతో పొరబడేవాళ్లు ఉన్నారు. విష్ణుక్రాంత పువ్వు నీలంగా, గుండ్రంగా, అన్ని వైపులా సమానంగా ఉంటుంది. దింటెన (శంఖుపుష్పం) పువ్వుకీ పెద్ద రేకు ఒకటే కనిపిస్తుంది గానీ అది పాకే తీగ, కాయ చిక్కుడులా బల్లపరుపుగా ఉంటుంది. రత్నపురుష కాయ బఠాణీ గింజ కంటే కూడా చిన్నగా, గుండ్రంగా, కిందికి వేలాడుతూ ఉంటుంది.

మా ఊళ్లో ఎక్కడ వెతకాలి?

నీళ్లు నిలవని, ఎండ పడే, గడ్డి పొట్టిగా ఉండే చోట చూడండి. కొబ్బరి తోటల మధ్య ఇసుక గట్లు, పాత పుంతల (బండి దారుల) అంచులు, తీరం వైపు సరుగుడు తోటల దగ్గర తెరపి నేలలు వెతకదగ్గ చోట్లు. వరి చేల మధ్య బురద గట్ల మీద వెతికి లాభం లేదు. వానలు మొదలయ్యాక నెల, రెండు నెలలకు వెళ్లండి. పొద్దుటి పూట వెళ్తే పువ్వులు విచ్చుకుని ఉంటాయి, పచ్చటి గడ్డిలో ఆ ఊదా చుక్కలు దూరం నుంచే తెలుస్తాయి. మధ్యాహ్నం వెళ్తే పక్కనే నిలబడి కూడా చూడకుండా వచ్చేస్తాం.

కడియం నర్సరీల్లో దొరకదా అండీ?

కడియపులంక, వేమగిరి వైపు వయొలెట్ అని అడిగితే మీ చేతిలో పెట్టేది సాధారణంగా రెండిట్లో ఒకటి. శీతాకాలంలో అయితే ప్యాంజీ. అదీ వయోలా జాతే, కానీ తోటల కోసం తయారు చేసిన సంకరం. పిల్లి ముఖం లాంటి పువ్వులతో రెండు మూడు నెలలు అందంగా ఉండి మార్చి ఎండకి పోతుంది. రెండోది ఆఫ్రికన్ వయొలెట్. పేరులోనే తప్ప దానికి వయొలెట్‌తో చుట్టరికం లేదు, తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన వేరే కుటుంబపు మొక్క. రెండూ మంచి మొక్కలే, కొనుక్కోండి. కానీ రత్నపురుష అమ్మకానికి పెట్టడం నేను చూడలేదు. ఔషధ మొక్కలు పెంచేవాళ్ల దగ్గర అడిగి చూడండి, పువ్వు చూశాకే తీసుకోండి.

## గింజలు, మొలకలు

గింజల గోల ఎందుకు, గట్టు మీది మొక్కనే పీకి తెచ్చి నాటితే పోలా?

దయచేసి ఆ పని చేయకండి. దీని వేరు మొక్క కంటే లోతుగా, నిట్టనిలువుగా దిగి ఉంటుంది. ఎంత జాగ్రత్తగా తవ్వినా కొస తెగుతుంది, తెచ్చి నాటిన వారానికి ఆకులు వాలతాయి. మొదట్లో నేనూ మూడు మొక్కలు తవ్వి తెచ్చాను, ఒక్కటీ బతకలేదు. ఆ గట్టు మీద ఆ మూడు ఉన్న చోట ఇప్పుడు ఏమీ లేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. అసలే మందు కోసమని వేళ్లతో పీకేవాళ్లు ఉన్నారు. గింజలు మాత్రమే తెచ్చుకోండి, అదీ ఒక్కో మొక్క నుంచి రెండు మూడు కాయలకు మించకుండా.

నేను వెళ్లేసరికి కాయలన్నీ విచ్చుకుని ఖాళీగా ఉంటున్నాయి. ఎప్పుడు కోయాలి?

ఈ మొక్కతో అసలు చిక్కు ఇక్కడే. కాయ పండాక మూడు చీలికలుగా విచ్చుకుంటుంది. ఒక్కో చీలిక పడవ ఆకారంలో ఉంటుంది, అందులో గింజలు వరసగా కూర్చుంటాయి. ఆరేకొద్దీ పడవ అంచులు దగ్గరకు నొక్కుకుని గింజల్ని ఒక్కొక్కటిగా దూరంగా విసిరేస్తాయి. తడి సబ్బు బిళ్లను వేళ్లతో నొక్కితే ఎలా జారి ఎగిరిపోతుందో అలా. ఎండ బాగా ఉన్న రోజున ఉదయం పండిన కాయ మధ్యాహ్నానికల్లా ఖాళీ.

కాబట్టి గుర్తు పట్టాల్సింది రంగును. ముదురు ఆకుపచ్చ కాయ పచ్చిది. అది పాలిపోయి, లేత పసుపు తిరిగి, వేలాడుతున్న కాయ తల పైకెత్తడం మొదలుపెడితే ఆ రోజో మరునాడో విచ్చుకుంటుంది. అప్పుడు తొడిమతో సహా తుంచి కాగితం పొట్లంలో కట్టేయండి. ప్లాస్టిక్ కవర్ వద్దు, మన గాలిలో తేమకి బూజు పడుతుంది. నేనైతే మూత ఉన్న అట్టపెట్టెలో వేసి వంటింటి కిటికీలో పెడతాను. మర్నాడు మధ్యాహ్నం టిక్కు టిక్కుమని గింజలు మూతకి తగిలే చప్పుడు వింటూ వంట చేసుకోవడం నాకు చాలా ఇష్టం. రోజూ వెళ్లి చూడటం కుదరనివాళ్లు పాత పల్చటి పంచె ముక్కతో చిన్న సంచి కుట్టి, పచ్చి కాయ ఉన్న కొమ్మకే వదులుగా కట్టి వారం తర్వాత వెళ్లి విప్పుకోవచ్చు.

యాభై గింజలు వేస్తే నాలుగే మొలిచాయి. నేనేం తప్పు చేశాను?

మీ తప్పేం లేదు. తక్కువగా మొలవడం ఈ మొక్క స్వభావం, దీని మీద పని చేసే శాస్త్రవేత్తలు కూడా ఇదే చెబుతారు. అన్నీ ఒకేసారి మొలవవు కూడా. మొదటి నాలుగు వచ్చాక ఆ కుండీని పారబోయకండి. మా ఇంట్లో ఒక కుండీలో మూడు నెలల తర్వాత, ఇక ఆశ వదిలేసుకున్నాక, ఇంకో ఆరు మొలకలు వచ్చాయి. గింజను లోతుగా పాతకండి. తడి ఇసుక మీద చల్లి, గింజ కప్పీ కప్పనట్టుగా పైన కాస్త పొడి ఇసుక జల్లితే చాలు. చీమలు ఎత్తుకుపోకుండా కుండీ కింద నీళ్ల పళ్లెం పెట్టండి.

ఏ కార్తెలో వేయాలి?

మృగశిర. తొలకరి పడి నేల తడిశాక వేస్తే ఆరుద్రలో మొలకలు కనిపిస్తాయి. రెండో అదను తుఫాన్ల హడావిడి తగ్గాక, కార్తీక మాసం చివర్లో. అప్పుడు వేసినవి నెమ్మదిగా పెరుగుతాయి.

కొమ్మ తుంచి నాటితే రాదా?

నాకు రాలేదు. గింజే నమ్మకం.

## నేల, కుండీ, నీళ్లు

మాది నల్ల బంకమట్టి. వానాకాలం అంతా జిగటే. ఏం చేయాలి?

డెల్టా ఆయకట్టు ఊళ్లలో అందరిదీ ఇదే ఇబ్బంది. వరికి బంగారం లాంటి నేల, దీనికి మాత్రం గొంతు నులిమినట్టే. వేరు చుట్టూ నీరు నిలిస్తే రెండు రోజుల్లో కుళ్లు మొదలవుతుంది. మొత్తం పెరడు మార్చనక్కర్లేదు. గజం పొడుగు, గజం వెడల్పు చోటు చూసుకుని, అడుగున విరిగిన పెంకు ముక్కలు పరిచి, పైన జానెడు ఎత్తున గుట్ట కట్టండి. రెండు వంతులు గోదారి ఇసుక, ఒక వంతు లంక ఒండ్రు, అర వంతు బాగా మాగిన పశువుల ఎరువు. ఇంట్లో చూరు నీళ్లు పడే వైపు కాకుండా చూసుకోండి. మెట్ట పక్క ఇసుక నేల ఉన్నవాళ్లు ఇవేవీ చేయకుండా నేరుగా నేలలో గింజ వేసుకోవచ్చు, ఆ విషయంలో వాళ్లు అదృష్టవంతులు.

కుండీలో అయితే లోతు ముఖ్యం, వెడల్పు కాదు. కనీసం అడుగు లోతున్న మట్టి కుండీ తీసుకోండి. మొలకను చిన్న కప్పులో పెంచి తర్వాత మార్చే పని పెట్టుకోకుండా ఎక్కడ పెరగాలో అక్కడే గింజ వేయండి.

కోనసీమలో కొబ్బరి పొట్టు ఊరికే దొరుకుతుంది కదా, అందులో పెంచవచ్చా?

ఒట్టి పొట్టులో వద్దు. వానాకాలంలో అది స్పంజిలా నీరు పట్టి వదలదు. పైగా పచ్చి పొట్టులో వగరు ఉంటుంది, కొన్నిసార్లు ఉప్పు కూడా. కలపాలనుకుంటే మూడు నాలుగు సార్లు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి, మొత్తం మట్టిలో పదో వంతుకు మించకుండా కలపండి. డొక్కలు మాత్రం పనికొస్తాయి. గుట్ట చుట్టూ బోర్లా పేర్చితే ఇసుక జారిపోకుండా కాస్తాయి.

కొబ్బరి చెట్ల కింద నీడ ఉంటుంది. పూస్తుందా?

పెద్ద చెట్ల కింద, ఆకుల సందుల్లోంచి ఎండ కదులుతూ పడేచోట చక్కగా పూస్తుంది. అరటి తోట కింద ఉండే దట్టమైన నీడలో ఆకులు సాగిపోయి పువ్వు రాదు. రోజుకు నాలుగైదు గంటల ఎండ చూసుకోండి. ఒక్క జాగ్రత్త: కొబ్బరి కాయలు దించే రోజుకు ముందే మొక్కల చుట్టూ నాలుగు కర్రలు పాతి, దింపు తీసేవాళ్లకు చెప్పండి. కాయల గెల మీద పడితే ఏ మొక్కైనా ఏం మిగులుతుంది!

ఏ ఎరువు వేయాలి?

వేయకండి. యూరియా వేస్తే ఆకు వస్తుంది, పువ్వు రాదు.

మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. పోయవచ్చా?

రాజోలు, సఖినేటిపల్లి, అంతర్వేది వైపు నుంచి ఈ ప్రశ్న ఎక్కువ వస్తుంది. రొయ్యల చెరువుల పక్కన ఉన్నవాళ్లూ అడుగుతారు. కుండీ అంచున తెల్లటి పొర కడుతోందంటే ఆ నీళ్లు దీనికి పడవు. కాలువ నీళ్లు గానీ, డాబా మీద నుంచి పట్టిన వాన నీళ్లు గానీ పోయండి. ఈ మొక్క తాగేది తక్కువ. ఒక డ్రమ్ము వాన నీళ్లు పది కుండీలకు చాలా రోజులు వస్తాయి. తప్పక బోరు నీళ్లే పోయాల్సి వస్తే తరచుగా కొంచెం కొంచెం పోయకుండా, అరుదుగా, కింది రంధ్రం నుంచి నీరు కారేదాకా పోయండి. అప్పుడు ఉప్పు కిందికి కొట్టుకుపోతుంది.

కాలువలు కట్టేశాక మే నెలలో మొక్క ఎండిపోయింది. చచ్చిపోయినట్టేనా?

తొందరపడి పీకేయకండి. ఇది బహువార్షికం. ఎండాకాలంలో పైకొమ్మలు ఎండిపోయినా, మొదట్లో చెక్కలా ఉండే భాగం, వేరు బతికే ఉండవచ్చు. గోటితో మొదలు దగ్గర కాస్త గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. ఎండు కొమ్మల్ని రెండంగుళాలు వదిలి కత్తిరించి, నాలుగైదు రోజులకొకసారి చెంబెడు నీళ్లు పోస్తూ ఉండండి. తొలకరికి మొదట్లోంచి చిగుళ్లు వస్తాయి. ఆ చిగుళ్లు చూసిన రోజు మా ఇంట్లో పండగే.

## వానలు, వరదలు, కలుపు

మాది లంక గ్రామం. ఏటా వరద వస్తుంది. మాకు కుదురుతుందా?

కుదురుతుంది, కుండీల్లో. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు కదా, ఆ మాట వినగానే బియ్యం బస్తాలతో పాటు రెండు కుండీలు కూడా అరుగు మీదికో మేడ మీదికో చేర్చండి. 2022 జులై వరదలో మా చుట్టాల పెరట్లో నేలలో ఉన్న మొక్కలన్నీ నీట మునిగి కుళ్లిపోయాయి. కానీ మరుసటి ఏడు అదే చోట, కొత్తగా వేసిన ఒండ్రు మీద రెండు మొలకలు కనిపించాయని ఫోన్ చేసి చెప్పారు. పాత గింజలు నేలలో దాక్కుని ఉండి ఉండాలి. అందుకే ప్రతి ఏడూ ఒక పొట్లం గింజలు ఇంట్లో, ఎత్తుగా ఉన్న అటక మీద దాచుకోండి.

గరిక, తుంగ కమ్మేస్తున్నాయి. కలుపు మందు కొట్టవచ్చా?

వద్దు. గట్ల మీద రత్నపురుష కనుమరుగవుతోందంటే నా కళ్లకు కనిపిస్తున్న పెద్ద కారణం ఆ మందే. గట్ల మీద కొట్టే ఆ మందు గరికతో పాటు దీన్నీ చంపుతుంది. వాన పడిన మర్నాడు నేల మెత్తగా ఉన్నప్పుడు తుంగ గడ్డల్ని చేత్తో తీసేయండి. గరికను కొడవలితో పొట్టిగా కోస్తే చాలు, వేళ్లతో పెకలించాలని చూస్తే పక్కనున్న రత్నపురుష మొలక కూడా కదులుతుంది. మొలకలు ఏవో, కలుపు ఏదో తెలియని మొదటి నెలలో అసలు చేయి పెట్టకండి.

## పువ్వులు, పురుగులు, వాడకం

ఎన్నాళ్లకు పూస్తుంది?

మృగశిరలో వేసినవి మా ఇంట్లో వినాయక చవితి దాటాక మొదటి పువ్వు చూపించాయి. అక్కడి నుంచి సంక్రాంతి దాకా ఒకటీ రెండూ పూస్తూనే ఉన్నాయి. ఒకేసారి విరగబూసే మొక్క కాదు. పువ్వు సైజు కూడా చిన్నది, కాబట్టి ఆరేడు మొక్కలు దగ్గర దగ్గరగా ఉంటే చూడటానికి బాగుంటుంది.

ముళ్ల గొంగళి పురుగులు ఆకులన్నీ తినేశాయి. ఏ మందు కొట్టాలి?

ఈ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ నేను ముందు అభినందనలు చెబుతాను. అవి ఎర్రటి గోధుమ రంగులో, ఒంటి నిండా కొమ్మలేసిన ముళ్లతో ఉన్నాయా? అయితే అవి టానీ కోస్టర్ అనే సీతాకోకచిలుక పిల్లలు. నారింజ రంగు రెక్కల మీద నల్ల చుక్కలతో, తొందర లేకుండా నేలకు దగ్గరగా ఎగిరే సీతాకోకను మీరు చూసే ఉంటారు. దాని పురుగులు తినే కొద్ది మొక్కల్లో రత్నపురుష ఒకటి. ఆ సీతాకోకకు పాత శాస్త్రీయ నామం అక్రియా వయోలే.

పురుగులు తినేశాక మొక్క బోడిగా కనిపిస్తుంది, నిజమే. కానీ వేరు గట్టిదైతే రెండు మూడు వారాల్లో మళ్లీ చిగురిస్తుంది. మందు కొట్టకండి, వేప నూనె కూడా వద్దు. మొక్కలు రెండే ఉంటే, మరీ చిన్నవైతే, పురుగుల్ని కాగితం మీదికి తీసి పక్కన ప్యాషన్ ఫ్రూట్ తీగ ఉంటే దాని మీద వదలండి, దాన్నీ తింటాయి. అసలు మందు అదే, మొక్కలు ఎక్కువ పెంచడం. పది మొక్కలుంటే మీకూ సరిపోతాయి, వాటికీ సరిపోతాయి.

వాసన ఉంటుందా? పూజకు కోయవచ్చా?

చెప్పుకోదగ్గ వాసన లేదు. కోసిన పువ్వు దేవుడి పటం దగ్గరికి చేరేలోపే వాడిపోతుంది. మొక్క మీదే ఉంచండి.

పురుషరత్నం అంటే మగవాళ్లకు మంచిదని అంటారు. పొడి చేసుకుని తినవచ్చా?

నాటు వైద్యంలో దీనికి ఆ పేరు పాతదే, మూత్ర సంబంధమైన ఇబ్బందులకూ వాడతారు. కానీ ఎంత మోతాదు, ఎవరికి పడుతుంది, మీరు వాడుతున్న బీపీ, షుగర్ మాత్రలతో ఎలా ఉంటుంది అనేది పెరట్లో నిలబడి తేల్చే విషయం కాదు. అర్హత ఉన్న ఆయుర్వేద డాక్టరును అడగండి. నేను పెంచేది పువ్వు కోసం, సీతాకోక కోసం.

ఇది కలుపులా పెరడంతా పాకేస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

గింజలు విసురుకుంటుంది కాబట్టి గుట్టకు గజం దూరంలో ఒకటో రెండో మొలకలు కనిపిస్తాయి. అంతకు మించి ఏమీ ఉండదు. వయ్యారిభామ లాగా మీద పడే మొక్క కాదు. నాకైతే అది పాకడం లేదనే బెంగ.

మా వీధి చివర పుంత గట్టు మీద పది మొక్కలున్నాయి. వాటిని కాపాడటం ఎలా?

ముందు గట్టు ఎవరి చేనును ఆనుకుని ఉందో ఆ రైతుకు పువ్వు చూపించండి. పేరు చెప్పండి. "ఇక్కడ ఒక్క బారెడు మేర మందు కొట్టకండి బాబాయ్, గడ్డి నేను కోస్తాను" అని అడగండి. నేను ఇద్దరిని అడిగాను, ఇద్దరూ సరేనన్నారు. ఒకాయన గుర్తు కోసం రెండు సరుగుడు పుల్లలు పాతి ఎర్ర గుడ్డ పీలిక కూడా కట్టారు. గడ్డి కోయడం మాత్రం కాయలు విచ్చుకున్నాకే, సంక్రాంతి తర్వాత పెట్టుకోండి. కోసేటప్పుడు కొడవలి నేలకు ఆనించకుండా నాలుగు వేళ్లు పైకి పట్టుకోండి.